హాస్యపు వంత మాత్రమే మిగిలిన కథ

బుర్రకథకుడు నడుమ తంబురాతో నిలిచి కథ నడుపుచుండగా, ఆతని కిరుప్రక్కల డక్కీలు వాయించు వంతలిద్దరిలో ఒకడు హాస్యము చెప్పుననియు, రెండవవాడు రాజకీయము చెప్పుననియు, ఆ కళను ఒక్క రాత్రియైనను కూర్చుండి చూచిన వారెల్లరు నెరుగుదురు. హాస్యగాడు జనమును నవ్వించిన మరుక్షణముననే రెండవవాడు అందుకొని, ఆ నవ్వు వెనుకనున్న శిస్తును, అప్పును, అధికారిని చూపును. ఈ యిద్దరిలో నొకడు తప్పుకొన్నచో కథ యేమగునో తెలిసికొనగోరువారు, నాయకుల భార్యాపుత్రులను, అల్లుండ్రను, కోడండ్రను మన సినిమాలును, టీవీ హాస్యశీర్షికలును, చేతిఫోనులలో ఎడతెగక వచ్చిపడు వీడియోలును ఎట్లు ఎగతాళి చేయుచున్నవో గమనించిన చాలును.

నాయకుని పరిహసించుట వేరు, నాయకుని చుట్టమును పరిహసించుట వేరు. నాయకుడు ఓటడిగి, ప్రమాణము చేసి, మాటపడుటకు సిద్ధపడియే గద్దె నెక్కినవాడు. చుట్టము ఏ ప్రమాణమును చేయలేదు. ఐనను కచ్చేరిలో కుర్చీ ఆతనికే ముందు వేయుదురు. ఈ ప్రమాణము లేని పెత్తనమే పరిహాసమునకు తగిన గురి యనియు, వట్టి చుట్టరికము గురి కారాదనియు నా యభిప్రాయము. ఈ భేదమును మన పూర్వపు పల్లెజనులు మనకన్న చక్కగ నెరిగియుండిరి.

జనగామ తాలూకాలో విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి ఏలుబడి దాదాపు అరువది గ్రామములమీద సాగిన దినములలో, ఆతని తల్లి జానకమ్మ కడవెండి గడిలో కాపురముండి ఆ చుట్టుపట్ల నడపిన పెత్తనమునకు ఏ సనదును లేదు. ఆమె దేశముఖు గాదు, పటేలు గాదు, పట్వారీ గాదు, దొరతల్లి మాత్రమే. ఐనను వెట్టికి మనుష్యులను పిలిపించునది ఆమెయే, జరిమానా విధించునది ఆమెయే. 1946 జూలై 4వ తేదీన ఆంధ్రమహాసభ సంఘము వారి ఊరేగింపు మీద తుపాకులు ప్రేలి దొడ్డి కొమరయ్య నేలకొరిగినది ఆ కడవెండిలోనే. నేను విన్నంతవరకు, ఆ దొరసానిని గూర్చి ముసలివారు చెప్పు ముచ్చట్లలో ఆమె రూపమును గాని కట్టుబొట్టును గాని ఎగతాళి చేసిన మాట మిక్కిలి తక్కువ. ఎవరిచేత ఏ పని ఊరక చేయించుకొనెను, ఎవరి యింటినుండి ఎంత గుంజుకొనెను అను లెక్కయే యెక్కువ. ఆ వెక్కిరింతలో అభియోగపత్రము దాగియున్నది.

అట్టి దొరసానియే తరువాతి కళలలో ఎన్ని రూపములు మార్చుకొన్నదో చూడదగును. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ చిత్రములో ఆమె గడిగోడల నడుమ తానును ఒక బందీయే. ఐనను దొర వలన గర్భవతియైన దాసిచేత గర్భస్రావము చేయించునదియు ఆమెయే. పీడించబడినది పీడించుటకు వెనుదీయలేదను ఆ దారుణసత్యమును, ఆమెపై జాలిని గాని, ఆమె దోషమును గాని తగ్గింపక చూపిన నేర్పు ఆ చిత్రమునది. మూడు దశాబ్దములు గడచి, 2019లో ‘దొరసాని’ పేరనే వచ్చిన మరియొక చిత్రమునందు ఆమె దొరగారి కూతురు, బీదయువకుని ప్రేమించిన ముగ్ధ. గడి మాత్రము ప్రేమకడ్డువచ్చిన గోడగా మిగిలినది. ప్రేమకథ తీయరాదని నే ననను. కాని వెట్టిచేసిన చేతుల లెక్క ఆ గోడ కావల నెక్కడనో ఉండిపోయినది.

మన వీధులలో పిట్టలదొర కలడు. తుపాకిరాముడనియు, లత్కోర్ సాబనియు పేర్లు గల ఈ వేషగాడు ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజమున కట్టెతుపాకి ధరించి, తన యాస్తిని, తన యత్తవారి వైభవమును కోతలు కోసి చెప్పుచుండును. ఎవరి పేరును చెప్పడు; ఐనను విన్నవాడు నవ్వుచు నవ్వుచు గడివైపు చూడక మానడు. పేరు చెప్పకపోవుట పిరికితనమని యెవరైన ననుకొందురేమో గాని, పేరు లేనందుననే వ్యక్తి తప్పుకొని పెత్తనము పట్టుబడుట నాకు తోచుచున్నది. (ఆ వేషము పేరనే 2019లో బిత్తిరి సత్తి నాయకుడుగా సినిమా వచ్చినది, దానిని నిర్మించినవారు నాటి పాలకపక్షపు శాసనసభ్యులు రసమయి బాలకిషన్. పిట్టలదొరకు దొరవారే పెట్టుబడి పెట్టు కాలమును ఏ పిట్టలదొరయు ఊహించియుండడు.)

రాజకీయకుటుంబమును చూచునపుడు మన జనరంజకకళకు కొన్ని పాతమూసలు సిద్ధముగ నున్నవి. సూర్యకాంతముగారి గయ్యాళియత్త, ఇల్లరికపుటల్లుడు, గారాబపు కొడుకు, ముసలితనమున వచ్చిన రెండవభార్య: ఏ చుట్టము కనబడినను ఈ మూసలలో నేదో యొకదానిలో పోయుదుము. ఈ పనిని తొలుత చేసినవారు హాస్యగాండ్రనుకొనుట పొరపాటు. 1995లో అల్లుని చేత పదవీచ్యుతుడైన నందమూరి తారకరామారావుగారు స్వయముగ ‘జామాతా దశమగ్రహం’ అను పేర ఒక క్యాసెట్టు విడుదల చేసిరి. పార్టీ ఎవరిది, శాసనసభ్యుల మద్దతు ఎట్లు మారినది అను రాజ్యాంగప్రశ్న, మామా అల్లుండ్ర తగవుగా జనుల చెవినబడినది. ఎదుటిపక్షమువారు అదే కలహమును ఆయన రెండవభార్య లక్ష్మీపార్వతిగారి తలమీద మోపిరి. 2019లో రామ్‌గోపాల్ వర్మ ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ తీసి ఆ నిందను త్రిప్పి అల్లునిమీద మోపెను. మూడు కథలును ఇంటిగడప దాటలేదు. నిందను మోయవలసివచ్చినపుడు ఆడుదాని తల సులభముగ దొరకుననుటకు ఇంతకన్న వేరు సాక్ష్యము వలదు.

గారాబపు కొడుకు మూసకు ఆ యల్లుని కొడుకు నారా లోకేశ్ దొరకెను. తండ్రి మంత్రివర్గములో మంత్రియైన ఆయన నాలుక తడబడిన ప్రతి సభయు వీడియోగా మారి, ‘పప్పు’ అను పేరు స్థిరపడి, సినిమాలలో ఆయనను పోలిన పాత్రలు పుట్టినవి. 2019లో మంగళగిరిలో ఐదువేల పైచిలుకు ఓట్లతో ఓడినపుడు హాస్యము గెలిచినదని పలువురు సంతసించిరి. 2024లో అదే మంగళగిరి ఆయనకు తొంబదియొక్క వేలకు పైబడిన ఆధిక్యమిచ్చినది. ఆ యేండ్లలో నవ్విన నవ్వంతయు ఉచ్చారణమీదనే ఖర్చైనది. తండ్రి గద్దెకు కొడుకే వారసుడెందులకు కావలెనను ప్రశ్న అడుగబడక, నేటికిని అట్లే యున్నది.

ఇంతకన్న హీనమైనది 2021 డిసెంబరులో జరిగినది. నాటి తెలంగాణ రాష్ట్రమంత్రి కుమారుని, మైనరు బాలుని, శరీరమును ఎగతాళి చేయుచు ఒక యూట్యూబు చానెలువారు జనాభిప్రాయసేకరణ పెట్టిరి. కుటుంబపాలనను విమర్శించు హక్కు వారికి నిస్సంశయముగ కలదు. ఆ బాలుడు ఏ కుర్చీలో కూర్చుండెను, ఎవరిపై జరిమానా వేసెను? కడవెండి ముసలమ్మలనడిగిన చెప్పియుందురు.

2016 అక్టోబరు 11న పాత వరంగల్లు చీలి ఏర్పడిన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో ఈ చుట్టరికపు రాజకీయము నానావిధములుగ కానవచ్చును. పాలకుర్తిలో 2023లో, పౌరసత్వపు చిక్కువలన అత్తగారు ఝాన్సీరెడ్డి నిలువజాలక, ఇరువదియారేండ్ల కోడలు యశస్వినీరెడ్డి నిలిచి, మంత్రి ఎర్రబెల్లి దయాకరరావును నలువదియేడు వేలకు పైగా ఓట్లతో ఓడించెను. మహబూబాబాదు లోకసభస్థానమునకు 2019లో ఎన్నికైన మాలోతు కవిత నాటి డోర్నకల్ శాసనసభ్యుడు రెడ్యానాయక్ కూతురు. భూపాలపల్లిలో గండ్ర వెంకటరమణారెడ్డి శాసనసభ్యుడుగ నున్న కాలముననే ఆయన భార్య జ్యోతి వరంగల్లు రూరల్ జిల్లాపరిషత్తు అధ్యక్షురాలు. (ఆయనను ఓడించినవాడును గండ్రవారే, ఇంటిపేరొక్కటే గాని ఇల్లు వేరు.) ఇక గ్రామములలో స్త్రీకి సర్పంచు పదవి దక్కినచోట, ‘సర్పంచు సాబు’ అని పిలిచిన పలుకునది తరచుగ ఆమె భర్తయే.

ఇన్ని బంధుత్వములుండగా, పిట్టలదొరకు పండుగ కావలసినచోట, వినబడునది అత్తాకోడండ్ర ముచ్చటయే. అత్తమాట కోడలు వినునా, కోడలిమాట అత్త వినునా అని రచ్చబండమీద నవ్వుకొనుట ఇంపుగనే యుండును, నేనును నవ్వినవాడనే. అధికారి ఎవరి ఫోనుకు లేచి నిలుచుచున్నాడు, సంతకము ఎవరిది, బిల్లు ఎవరు పాసుచేయించిరి అని అడుగు రెండవ వంత లేకుండుటయే లోపము.

2024 సెప్టెంబరులో చాకలి ఐలమ్మ వర్ధంతినాడు, కోఠీలోని మహిళావిశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టుదుమనియు, ఆమె మనుమరాలిని రాష్ట్రమహిళాకమిషనులో సభ్యురాలిగా నియమింతుమనియు ముఖ్యమంత్రి ఒకే వేదికనుండి ప్రకటించెను. పాలకుర్తిలో విసునూరు దొరకెదురు నిలిచి తన పంటను తాను ఇంటికి చేర్చుకొన్న ఆ తల్లి మనుమరాలికి కూడ చుట్టరికము వలననే కుర్చీ వచ్చినది. ఆమెను గూర్చి కథ కట్టవలసివచ్చినచో, హాస్యపు వంత ముందుగ నోరు తెరచును. డక్కీ మ్రోగించుచు ఆమె చేసినదేమో, చేయనిదేమో లెక్కచూచుకొని పలుకవలసినవాడు అవతలిప్రక్క నిలిచియున్నాడో లేడో చూడవలసియున్నది.