కాలి సంగతి కూడా అడగండి

మా పిన్ని మట్టెలు తీసేసి రెండేళ్లయింది. వేళ్లకి పట్టడం లేదు, అంతే. బాబాయ్ నిక్షేపంలా ఉన్నాడు. అయినా పేరంటానికి వెళ్తే అందరి చూపూ ముందు ఆవిడ కాలివేళ్ల మీదే పడుతుంది.

గర్భసంచి క్యాన్సర్‌కి ఆపరేషన్ చేసినప్పుడు పొత్తికడుపులోని లింఫ్ గ్రంథులు కూడా తీశారు. జబ్బు వాటిలోకి పాకిందేమో చూడాలి కాబట్టి తీశారు, అందులో తప్పుపట్టేదేం లేదు. ఎనిమిది నెలలకి ఎడమకాలు బరువెక్కడం మొదలైంది. సాయంత్రానికి ఉబ్బేది, తెల్లారేసరికి తగ్గేది. తర్వాత తగ్గడం మానేసింది.

మాది గోదావరి వైపు. కాలు వాచిందంటే బోదకాలే అంటారు. రాత్రిపూట రక్తపరీక్ష కూడా చేయించాం, ఏమీ లేదు. ఇది దోమ చేసిన పని కాదు.

మన ఒంట్లో రక్తనాళాలు కాక సన్నటి గొట్టాల వల ఇంకోటి ఉంది. ఒంట్లో అక్కడక్కడా మిగిలిన నీటిని పోగుచేసి, గ్రంథుల్లో వడగట్టి, మెడ దగ్గర మళ్లీ రక్తంలో కలుపుతుంది. గజ్జల్లోనో పొత్తికడుపులోనో గ్రంథులు తీస్తే కాలి నుంచి పైకొచ్చే దారి తెగుతుంది. మురుగుకాలవ పూడితే చేలో నీళ్లు నిలిచినట్టే. అందరికీ రాదు. వచ్చిందంటే మాత్రం పూర్తిగా పోవడం కష్టం. బిగుతు మేజోళ్లు, కట్లు, చిన్న గీత పడినా ఎర్రబడి జ్వరం. ఇదీ పిన్ని బతుకిప్పుడు.

దీన్ని ముందే ఆపడానికి ఒక సర్జరీ ఉందని ఆలస్యంగా తెలిసింది. గ్రంథులు తీసేటప్పుడే, తెగిన లింఫ్ నాళాలని పక్కనున్న చిన్న సిరలోకి కలిపి కుట్టేస్తారు. నీళ్లు నిలవకముందే పక్క కాలవలోకి దారి తీసినట్టన్నమాట. మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కన్నా సన్నటి దారంతో చేసే పని. ఇటలీలోని జెనోవాలో బొకార్డో, కంపీసీ అనే సర్జన్లు రొమ్ము క్యాన్సర్ వాళ్ల చేతుల కోసం ఈ పద్ధతి గురించి 2009లో రాశారు. తర్వాత గజ్జల్లో గ్రంథులు తీసినవాళ్ల కాళ్లకీ చేశారు. కాళ్ల విషయంలో ఇంకా పరిశోధన సాగుతూనే ఉంది. చేయగలిగిన సర్జన్లు తక్కువ, ఆపరేషన్ సమయమూ పెరుగుతుంది. ఇది చేసుంటే పిన్ని కాలు వాచేదే కాదని నేననను.

నా బాధ వేరు. ఫైలు పట్టుకుని డాక్టర్ గారి ముందు కూర్చున్నది నేనే. ఖర్చెంత, ఎన్నాళ్లుండాలి, పథ్యం ఏం పెట్టాలి, అన్నీ అడిగాను. కాలి గురించి అడగలేదు. వాచాక అందరూ ఒకటే మాట, "ప్రాణం దక్కింది, అదే పదివేలు" అని. అదే బాబాయ్ కాలైతే? పొలానికెలా వెళ్తాడు, బండెలా నడుపుతాడు అని ముందే నలుగురూ అడిగేవాళ్లు. పొద్దున్నుంచి రాత్రిదాకా వంటింట్లో నిలబడే కాలు కాలు కాదా?

ప్రాణమూ కావాలి, కాలూ కావాలి. ఇందులో అత్యాశేం లేదు. అందుకే ఆపరేషన్‌కి ముందే అడగండి. గ్రంథులన్నీ తియ్యాలా, ముందు ఒకటి రెండు తీసి పరీక్షిస్తే సరిపోతుందా? నా కాలు వాచే అవకాశం ఎంత? నాళాలు కలిపే సర్జరీ నాకు పనికొస్తుందా, ఎక్కడ చేస్తారు? ముందే రెండు కాళ్ల కొలతలూ తీసి రాస్తారా? "అవసరం లేదు" అని జవాబొచ్చినా ఫరవాలేదు, ఎందుకో చెప్పించుకోండి.

మొన్న ఎదురింటి కోడలికి ఇలాంటి ఆపరేషనే అని తెలిసి, పిన్ని జాకెట్లు కుట్టే టేపు పట్టుకుని మెల్లగా వాళ్లింటికి వెళ్లింది.

"ముందు కాళ్లు కొలుచుకుని రాసుకో అమ్మాయ్. ఆ కాగితం డాక్టర్ గారికి చూపించి అడుగు. మాకు అడగాలని తెలీలేదు" అంది.