“ఏ సినిమాలోది?”

తెలుగువాడు కొత్త పాట ఒకటి విన్నప్పుడు అడిగే మొదటి ప్రశ్న ఇది. రాసినవారెవరు, కట్టినవారెవరు, అందులో చెప్పినదేమిటి అన్నవన్నీ తరువాతి సంగతులు. “ఏ సినిమాలోదీ కాదండీ, నేనే కట్టుకున్నాను” అని పాడినవాడు చెప్పాడనుకోండి, వెంటనే రెండవ మాట సిద్ధంగా ఉంటుంది: “ఓహో, అయితే సినిమాలకు ప్రయత్నిస్తున్నారన్నమాట!” పాటకు పుట్టుక సినిమాలో, లేదా గమ్యం సినిమా. మూడవ దారి ఉంటుందన్న ఊహే మనకు రాదు.

మాదాపురం, కొండాపురం, గచ్చిబౌలి ప్రాంతాలలో పగలు కంప్యూటరు ముందు కూర్చుని, రాత్రులు పాటలు కట్టుకునే యువకులను గురించి ఈ నాలుగు మాటలు. వారిని పొగడడానికి రాయడం లేదు. “మన పిల్లలు ఎంత ప్రతిభావంతులో!” అన్న పొగడ్త వారికి చేసిన మేలు ఇంతవరకూ ఏమీ లేదు. నాకు మూడు ఫిర్యాదులున్నాయి. మొదటిది వినేవారి మీద, రెండవది వేదికలున్నవారి మీద, మూడవది పాట కట్టేవారి మీదనే. మూడవదే అన్నిటిలోకీ పెద్దది.

మొదట వినేవారి సంగతి. సినిమాకు వెలుపల పాట ఉండడం మనకు కొత్త కాదు. కంచర్ల గోపన్న తహశీలుదారు. సర్కారు కొలువు చేస్తూనే కీర్తనలు కట్టి రామదాసైనాడు. ఉద్యోగం చేసుకుంటూ పాట కట్టడమేమిటని నవ్వేవారు ఆయనను ఒకసారి తలచుకోవాలి. అంత వెనక్కి పోనక్కరలేదనుకుంటే, 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణిని చూడండి. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు అక్కడ లలిత సంగీతాన్ని ఒక ప్రక్రియగా నిలబెట్టారు. సాలూరి రాజేశ్వరరావు, రావు బాలసరస్వతీదేవి పాడిన సినిమాయేతర గీతాలు గ్రామఫోను రికార్డులుగా ఇంటింటా మోగాయి. జంధ్యాల పాపయ్యశాస్త్రి పుష్పవిలాపాన్ని ఘంటసాల పాడితే ఏ సినిమాలోదని అడగకుండానే ఆంధ్రదేశమంతా విన్నది. హైదరాబాదు కేంద్రంలో మహాభాష్యం చిత్తరంజన్, విజయవాడలో మరెందరో “ఈ మాసపు పాట” వంటి కార్యక్రమాలతో శ్రోతలకు కొత్త గీతాలు నేర్పారు. గద్దర్ బ్యాంకు ఉద్యోగం వదలి గజ్జె కట్టినప్పుడు ఆయన పాటకు తెర అవసరం కాలేదు. కనుక “తెలుగువారు సినిమా పాట తప్ప వినరు” అన్నమాట చరిత్ర ఎరుగనివారిది. విన్నాము, ఇళ్ళలో కూర్చుని నేర్చుకుని పాడాము కూడా. ఆ అలవాటును మనమే పోగొట్టుకుని, పోయిందని ఇప్పుడు కళాకారుణ్ణి నిందిస్తున్నాము.

ఇక వేదికల సంగతి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. రెండు దశాబ్దాలు తిరిగేసరికి ఆ గుండ్రని భవనం చుట్టూ ఒక మహానగరం లేచింది. కొత్త వ్యాపారపు ఆలోచనతో వచ్చే యువకుడికి చోటు ఇవ్వడానికి 2015లో గచ్చిబౌలిలో టీ-హబ్ వెలసింది, 2022లో రాయదుర్గంలో అంతకు ఎన్నో రెట్లు పెద్ద భవనంలోకి మారింది. మంచిదే, కాదనను. ఆలోచన మొలకెత్తడానికి కొంత చోటు, కొంత కాలం, ఓడిపోయే స్వేచ్ఛ కావాలని ప్రభుత్వమే ఒప్పుకున్నదన్నమాట. ఆ మూడూ పాటకు మాత్రం అక్కరలేదా? బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన లమకాన్ వంటి చోటు, ఒక టీ కప్పు ధరతో ఎవరైనా వచ్చి కూర్చుని వినగల చోటు, ఇన్ని లక్షలమంది పనిచేసే ఈ పడమటి నగరంలో ఎన్ని ఉండాలి? ఎన్ని ఉన్నాయి?

ఇక్కడి కాఫీ దుకాణాలలో, మద్యశాలలలో వారాంతపు గానసభలు లేకపోలేదు. కానీ అక్కడ గిటారు పట్టుకున్నవాడికి యజమాని చెప్పే షరతు సాధారణంగా ఒకటే: “జనానికి తెలిసిన పాటలు పాడు.” సంస్థల వార్షికోత్సవాలు శిల్పకళా వేదికలో జరిగితే సినిమా గాయకులకు లక్షలు పోస్తారు. అదే సంస్థలో మూడవ అంతస్తులో కూర్చుని సొంత పాటలు కట్టే ఉద్యోగికి కరోకే మీద సినిమా పాట పాడే అవకాశం ఇచ్చి, ప్రతిభను ప్రోత్సహించామని ఫొటోలు దిగుతారు. ఆలోచనలో కొత్తదనం కావాలని గోడల మీద రాసుకునే సంస్థలు పాట దగ్గరకు వచ్చేసరికి నకలునే ఎందుకు కోరుకుంటాయి? నేను అడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి సభలోనూ, ప్రతి వారాంతంలోనూ ఒక్క సొంత పాట షరతుగా ఉంచండి. పది పాత పాటల మధ్య ఒక్క కొత్త పాట వింటే ఎవరి కాఫీ చల్లారిపోదు.

“అంతర్జాలం ఉంది కదా, వేదికలెందుకు?” అని కొందరంటారు. స్పాటిఫై మన దేశానికి 2019లో వచ్చింది. 2024 నుండి ఆ సంస్థ నియమం ఏమంటే, గడచిన పన్నెండు నెలలలో వెయ్యిసార్లయినా వినబడని పాటకు పైసా లెక్కకట్టరు. ఆ వెయ్యి దాటినా వచ్చేది చిల్లరే. అంటే కొత్తగా వచ్చేవాడికి అక్కడ తలుపు తెరిచే ఉంటుంది, విస్తరి మాత్రం వేయరు. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించి, రచయితా స్వరకర్తా తమ రాయల్టీ హక్కును నిర్మాతకు రాసిచ్చివేయనక్కరలేకుండా చేశారు. ఆ సంగతి తెలిసి, సంఘంలో సభ్యత్వం తీసుకుని, తన పాటను నమోదు చేసుకునే కుర్రవాళ్ళు ఎందరు? ఇంతవరకూ ఈ ప్రాంతపు స్వతంత్ర సంగీతానికి అసలైన మహారాజపోషకుడు ఒక్కడే: నెలాఖరున బ్యాంకులో పడే జీతం.

ఇప్పుడు మూడవ ఫిర్యాదు. పాట కట్టేవారలారా, ఇది మీతోనే.

మీ పాట ఎలా పుడుతుందో కొంత తెలుసును. అద్దె గదిలో పంఖా ఆపి, కిటికీకి దుప్పటి కట్టి, పక్క గదివాడు నిద్రపోయేదాకా ఆగి, లాప్‌టాప్ తెరుస్తారు. గిటారు మీద నాలుగు స్వరసంపుటులు తిప్పుతూ నోటికొచ్చిన శబ్దాలతో బాణీ కూనిరాగం తీస్తారు. ఆ శబ్దాలు చాలావరకు ఇంగ్లీషు పాటల శబ్దాలు. బాణీ ఫోనులో భద్రపరచి, తరువాత దానిలో తెలుగు మాటలు కూరుతారు. తప్పు అక్కడ మొదలవుతుంది. ఇంగ్లీషు మాట హల్లుతో ఠక్కున ఆగుతుంది. తెలుగు మాట అచ్చుతో సాగి పక్క మాటలో కలుస్తుంది. హల్లుల కోసం కుట్టిన చొక్కాను అచ్చులకు తొడిగితే భుజాల దగ్గర చిరుగుతుంది. హ్రస్వం దీర్ఘమవుతుంది, “కల” కాస్తా “కాల” అవుతుంది, “పలక” వెళ్ళి “పాలక”గా కూర్చుంటుంది. వినేవాడికి మాట అందదు, “తెలుగులో రాక్ కుదరదు” అని తీర్పు చెప్పేస్తాడు. కుదరనిది భాష కాదు, కుట్టిన తీరు.

మన భాషకు తన నడకలు తనకున్నాయి. మూడూ నాలుగూ మాత్రలు జతకట్టి నడిచే మిశ్రగతిని గురజాడ ముత్యాల సరంగా 1910లోనే కొత్త కవిత్వానికి ఇచ్చాడు. అయిదు మాత్రల ఖండగతి ఉంది, ద్విపద ఉంది, రగడ ఉంది, బతుకమ్మ చుట్టూ చప్పట్లతో తిరిగే లయ ఉంది. ఒక్కసారి మాటను ముందు పెట్టుకుని, పైకి చదివి, అది ఎక్కడ ఊపిరి పీలుస్తుందో చూసి, అక్కడ గిటారును మీటి చూడండి. గిటారు పరాయిది కాదు, ఏడు మాత్రలు లెక్కపెట్టడం నేర్చుకుంటే అదీ మన వాద్యమే అవుతుంది. వయొలిన్ అలాగే మనదయింది కదా!

బాణీ కన్నా పెద్ద ప్రశ్న, దేనిని గురించి పాడుతున్నారన్నది. ఇక్కడ చౌరస్తా బృందాన్ని తలచుకోవాలి. హైదరాబాదులో పుట్టిన ఆ బృందం రెగ్గే లయకు తెలుగు జానపదాన్ని జోడించి “ఊరెళ్ళిపోతా మామా” పాడినప్పుడు వేలాది గదులలో గుండెలు కలుక్కుమన్నాయి. సినిమా ఊసు లేకుండానే పాట బతకగలదని అది రుజువు చేసింది. 2020లో మహమ్మారి కాలంలో వారి పాట మళ్ళీ ఇంటింటా వినబడింది. ఆ బృందంలో పాడిన రామ్ మిరియాల తరువాత 2021లో జాతిరత్నాలు, 2022లో డీజే టిల్లు చిత్రాలతో సినిమా గొంతుకగా స్థిరపడ్డాడు. అందుకు ఆయనను తప్పుపట్టేవారిలో నేను లేను. కళాకారుడు అన్నం తినాలి. సినిమా పిలిచిన తరువాతనే “గొప్ప గాయకుడు” అని గుర్తించిన మనదే తప్పు.

నా ఫిర్యాదు ఆ తరువాత వచ్చిన అనుకరణల మీద. ఇప్పుడు గిటారు పట్టిన ప్రతివాడికీ ప్రేరణ ఊరే: వేపచెట్టు, అమ్మ చేతి ముద్ద, ఎర్రబస్సు. ఆ బెంగ అబద్ధమనను. కానీ పదేళ్ళుగా ఇక్కడ తిని, ఇక్కడ ప్రేమించి, ఇక్కడ కంతులు కడుతూ, పాటలో మాత్రం ఇక్కడ లేనట్టు నటించడం ఏమి నిజాయితీ? రెగ్గేను అరువు తెచ్చుకున్నారు, సంతోషం. ఆ రెగ్గే జమైకాలో కింగ్‌స్టన్ మురికివాడలలో పెరిగిన సంగీతం. బాబ్ మార్లే తానున్న ట్రెంచ్‌టౌన్ పేరును పాట శీర్షికకే ఎక్కించాడు. తాళం తెచ్చుకున్నవారు, తన వీధిని తన పేరుతో పిలిచే ఆ తెగువను మాత్రం అక్కడే వదిలేశారు.

పోల్చి చూడండి. ఈ నగరం లేస్తున్న రోజులలోనే పాలమూరు నేల నుండి గోరటి వెంకన్న “పల్లె కన్నీరు పెడుతుందో” రాశాడు. 2002లో కుబుసం సినిమాలోకి వెళ్ళినా, ఆ పాట సినిమా వల్ల పెద్దది కాలేదు. ప్రపంచీకరణ వల్ల ఏం పోయిందో పల్లె తన గొంతుతో చెప్పుకున్నది. మరి ఆ ప్రపంచీకరణ జీతమిచ్చి కూర్చోబెట్టినవాడు ఏమి చెప్పాడు? రాత్రి రెండు గంటలకు ఇంటికి చేర్చే క్యాబు, హాస్టలు గదిలో ముగ్గురి మధ్య ఒక్క కిటికీ, ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చున్నవాడి భయం, ఒక్క మెయిలుతో ఊడిన ఉద్యోగం, అమెరికా వీసా కోసం ఆగిపోయిన పెళ్ళి. వీటికి తెలుగులో పాట ఏది? అద్దాల మేడకు ఇటుకలు మోసిన పాలమూరు కూలీకి, ఆ మేడలో కూర్చున్న పాలమూరు ఇంజినీరు కట్టిన పాట ఏది?

ఊరి కోసం బస్సెక్కనక్కరలేదు. మాదాపురం, రాయదుర్గం, నానక్‌రామ్‌గూడ అన్నవి ఊళ్ళ పేర్లే. మీ కార్యాలయపు పునాది ఎవరి చేనులోనో ఉంది. 2020 నుండి తీగల వంతెన కింద దీపాలతో మెరుస్తున్న దుర్గం చెరువు ఒకనాడు గోలకొండ కోటకు మంచినీళ్ళిచ్చింది. ఇప్పుడు ఆ నీటి సంగతి ఎవరూ పాడరు, దాని పక్కన సెల్ఫీలు మాత్రం దిగుతారు. ప్రేరణ కోసం కొండలకూ కోనలకూ పోతున్నామనేవారు మెట్రోలో అమీర్‌పేట నుండి రాయదుర్గం దాకా చెవులలో గుబ్బలు తీసి ఒక్కసారి ప్రయాణించి చూడండి. శ్రీకాకుళం, కరీంనగరం, అనంతపురం యాసలు మూడూ ఒకే పెట్టెలో వినబడతాయి. ఇంతటి సంపద ఏ వాగ్గేయకారుడికి దొరికింది?

కనుక వినేవారు పాట విన్నాక కట్టినవారి పేరు అడగండి. వేదికలున్నవారు ఒక్క కొత్త పాటకు చోటు పెట్టండి. పాట కట్టేవారు మీ వీధి పేరు మీ పల్లవిలో పెట్టండి. ముగ్గురిలో ఎవరు ముందు మొదలుపెట్టాలన్న వాదం వద్దు. మిగతా ఇద్దరూ కదలకపోయినా చేయగలిగిన పని మూడవవారిదొక్కటే: ఈ రాత్రి పంఖా ఆపి, కిటికీ మాత్రం తెరిచే ఉంచి, బయట వినబడేదానితో పాట మొదలుపెట్టడం.