లావా మీద నడిచొచ్చాక గుర్తొచ్చిన ఎర్రమట్టి

మా నాన్న వైజాగ్ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు లేత్ షాపు నడిపారు. పోర్టు కాంట్రాక్టర్లు తెచ్చిచ్చే బుష్షులూ, షాఫ్టులూ తిప్పీ తిప్పీ, ఓడలో ఏ ముక్క ఎక్కడ ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పేస్తారు. కానీ ఒక్కసారి కూడా ఓడెక్కలేదు. షాపు మూసేశాక అమెరికా వచ్చినప్పుడు "ఏం చూస్తారు నాన్నా?" అనడిగితే నయాగరా అనలేదు, డిస్నీ అనలేదు. "ఏదైనా ఓడెక్కించరా" అన్నారు. అంతే.

అలా 2023 అక్టోబరులో హవాయి దీవుల చుట్టూ తిరిగే ప్రైడ్ ఆఫ్ అమెరికా ఎక్కాం. ఆయన మొదటి రెండు రోజులూ డెక్కు మీద రివెట్లూ, వించ్‌లూ చూస్తూ గడిపేశారనుకోండి :) అది వేరే కథ. నేను చెప్పాలనుకున్నది హిలో ఊళ్ళో ఓడ ఆగిన రోజు గురించి.

పొద్దున్నే దిగాం, సాయంత్రానికల్లా మళ్ళీ ఎక్కేయాలి. బస్సులో ఓ ముప్పావుగంట వెళితే అగ్నిపర్వతాల జాతీయ పార్కు వస్తుంది. అక్కడ కిలవేయా ఇకి అనే బిలంలోకి దిగి, అటు నుంచి ఇటు నడిచి రావాలి. చుట్టు తిరిగితే ఐదు కిలోమీటర్ల పైచిలుకు, దిగుడు దాదాపు 400 అడుగులు. అమ్మ "నా మోకాళ్ళకి దండం" అని ఓడలోనే ఉండిపోయింది. నాన్నకి డెబ్బై దాటాయి, అయినా వస్తానన్నారు.

పైన పెద్ద పెద్ద ఫెర్న్ చెట్ల అడవి, చిటపట చినుకులు. మెట్లు దిగుతూ దిగుతూ ఉంటే ఒక్కసారిగా అడవి అయిపోయి నల్లటి మైదానం కనిపిస్తుంది. 1959 నవంబరు, డిసెంబరు నెలల్లో ఇక్కడ లావా 1900 అడుగుల ఎత్తుకి ఎగజిమ్మిందట. అదంతా బిలంలో సరస్సులా నిలబడిపోయి, అడుగుదాకా గట్టిపడడానికి మూడు దశాబ్దాల పైనే పట్టింది. ఇప్పటికీ పగుళ్ళలోంచి ఆవిరి వస్తూనే ఉంటుంది. నాన్న ఓ పగులు దగ్గర చెయ్యి పెట్టి చూసి "కూలెంటు తక్కువైన జాబులా ఉందిరా" అన్నారు.

తర్వాత ఇంకో మాటన్నారు. "ఇదేటిరా, మన గౌరీపట్నం మెటల్ రాయిలా ఉంది!" నేను నవ్వేశాను గానీ, ఆయన అన్నది నూటికి నూరుపాళ్ళూ నిజం. రాజమండ్రి దగ్గర పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కొట్టే నల్లరాయి కూడా గడ్డకట్టిన లావాయే. ఆరున్నర కోట్ల ఏళ్ళ క్రితం దక్కను పీఠభూమిని కప్పేసిన లావా, పడమటి వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి అక్కడిదాకా వచ్చిందని శాస్త్రవేత్తల మాట. ఈ భూమ్మీద అంత దూరం పారిన లావాలు చాలా తక్కువ. మనం దాన్ని క్రషర్‌లో వేసి రోడ్లు వేసుకున్నాం. రోడ్లు కావాలి, కాదనను. కానీ ఆ సంగతి చెప్పే బోర్డు ఒక్కటైనా నేనెప్పుడూ చూడలేదు.

బిలం దాటాక జలపాతాలు. హిలో ఊళ్ళోనే ఉన్న రెయిన్‌బో ఫాల్స్ 80 అడుగులు, కాస్త దూరంలో ఉన్న అకాకా 442 అడుగులు. అకాకా దగ్గర అర మైలు కూడా లేని కాలిబాట, రెయిలింగు, నీళ్ళు కనపడే చోట ఆగడానికి జాగా. ఒక్క ప్లాస్టిక్ గ్లాసు లేదు, ఒక్క బజ్జీల బండి లేదు (బజ్జీల బండి ఉంటే బావుండేదని నాన్న అభిప్రాయం).

సరే, అసలు విషయానికొస్తాను. తిరుగు బస్సులో నాన్న అడిగారు: "ఇందులో మనకి లేనిదేటుందిరా?"

నిజంగానే ఆలోచించాను. వైజాగులో పెద్ద ఓడల కోసం దాదాపు 96 కోట్లతో క్రూయిజ్ టెర్మినల్ కట్టారు, 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. అంతకు ముందే 2022లో చెన్నై, పుదుచ్చేరి వైపు క్రూయిజ్ ఓడ తిరిగింది. 2024 ఏప్రిల్‌లో ద వరల్డ్ అనే విదేశీ ఓడ వచ్చి ఆగింది. అంటే ఓడలొస్తాయి. దిగినవాళ్ళకి ఉన్న ఏడెనిమిది గంటల్లో ఏం చూపిస్తాం?

ఎవర్నడిగినా "అరకు, బొర్రా గుహలు, కటికి జలపాతం" అంటారు. లెక్క వేయండి. బొర్రాకి ఘాట్ రోడ్డులో ఒక వైపే రెండున్నర, మూడు గంటలు. రానూపోనూ ఆరు గంటలు బస్సులోనే. ఓసారి మా ఆఫీసుకి వచ్చిన అమెరికన్ మేనేజర్ని నేనే ఓ అద్దె కారులో అటు తీసుకెళ్ళాను. తిరుగుదారిలో ట్రాఫిక్, టాయిలెట్ కోసం వెతుకులాట, చివరికి ఆయన విమానం తప్పిపోయింది. ఓడైతే ఇంకేమన్నా ఉందా?

అదే ఎర్రమట్టి దిబ్బలు చూడండి. ఊరికి ఇరవై కిలోమీటర్ల చిల్లర, భీమిలి దారిలో సముద్రం పక్కనే. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గాలి తెచ్చి పోసిన ఇసుక, వేల ఏళ్ళలో ఇనుము తుప్పుతో ఎర్రబారి, వానలకి కోసుకుపోయి అలా తయారైంది. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. మనకి మాత్రం అది సినిమా పాటల లొకేషను. 2024లో ఆ పక్కనే భూమి చదును చేస్తున్నారని పెద్ద గొడవే అయింది, పేపర్లన్నీ రాశాయి. హవాయి లావా మళ్ళీ పొంగుతుంది, కొత్త రాయి పుడుతుంది. ఈ మట్టిని ఓసారి జేసీబీతో లాగేస్తే తిరిగి రావడానికి మనం ఎవరం ఉండం.

"వాళ్ళ దగ్గర డబ్బుందండీ" అని మీరనొచ్చు. ఉంది. కానీ ఆ బిలంలో దారి చూపించేది ఏంటో తెలుసా? అక్కడక్కడా పేర్చిన రాళ్ళ గుట్టలు. అంతే! దానికెంత ఖర్చు? "జనం వస్తే ఇసుక దిబ్బలు ఇంకా పాడైపోవూ?" అన్నది అంతకన్నా మంచి ప్రశ్న. నా ఉద్దేశంలో కాలిబాట వేసేదే అందుకు. దారి చూపించడమంటే మిగతా చోట తొక్కొద్దని చెప్పడం. దారి లేని చోట అందరూ అంతటా తొక్కుతారు, బైకులు కూడా ఎక్కిస్తారు.

మన భాషలో చెప్పాలంటే ప్రొడక్టు అద్భుతం, డాక్యుమెంటేషన్ సున్నా. అలాంటి కోడ్‌ని ఏం చేస్తామో మనందరికీ తెలుసు. ఎందుకుందో తెలీదు కాబట్టి ఎవడో ఒకడు డిలీట్ చేసేస్తాడు.

యునెస్కో వార్త చూసి నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ఆటోనగర్ ఇంట్లోనే ఉన్నారు. సంతోషించారు. కాసేపాగి "నేను పుట్టి పెరిగింది ఇక్కడే కదరా, ఇంతవరకు ఒక్కసారీ చూడలేదు" అన్నారు. ముప్పై ఏళ్ళు ఆదివారాలు కూడా లేతు ముందే నిలబడ్డ మనిషి. తప్పు ఆయనది కాదు. వేల మైళ్ళ అవతల బిలంలో నడిపించి, పాతిక మైళ్ళ దూరంలో ఉన్నదానికి తీసుకెళ్ళని నాదే.

ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు మొదటి ఆదివారం అక్కడికే. ఓడలో వచ్చేవాళ్ళ సంగతి తర్వాత చూసుకుందాం. ముందు గాజువాక వాళ్ళం, మధురవాడ వాళ్ళం ఎంతమందిమి చూశాం? మీరు చూశారా?