చాందినీ చౌక్‌లో ఒక పగలు

స్వరాష్ట్రం నుంచి ఢిల్లీ వచ్చే మిత్రులకు సాధారణంగా ఏదో ఒక పని ఉంటుంది. ఆ పని కాకపోవడం మూలంగా ఒక రోజు ఖాళీ దొరుకుతుంది. గుంటూరు నుంచి వచ్చిన ఒక విశ్రాంత అధ్యాపకుని విషయంలో ఇటీవల జరిగింది ఇదే. కలవవలసిన అధికారి మర్నాడు రమ్మన్నారు. "పార్లమెంటు, ఇండియా గేటు చాలాసార్లు చూశానండీ. ఈసారి అసలు ఊరు చూపించండి" అన్నారు మాస్టారు.

షాజహాన్ 1639లో పునాది వేయించి 1648 నాటికి పూర్తి చేయించిన ఎర్రకోట వద్ద మెట్రో దిగాము. కోటలో ఎక్కువసేపు గడపలేదు. 1857 తిరుగుబాటును అణచిన తరువాత ఆంగ్లేయులు లోపలి భవనాలను చాలా భాగం కూల్చి సైనిక బారకాసులు కట్టారు. మిగిలిన పాలరాతి మండపాలు చూస్తే, ఉన్నదానికన్నా పోయినదే ఎక్కువగా కనిపిస్తుంది. 1945లో ఆజాద్ హింద్ ఫౌజు అధికారులపై విచారణ జరిగింది కూడా ఈ గోడల మధ్యనే.

చాందినీ చౌక్‌లో గురుద్వారా సీస్‌గంజ్ వద్ద ఆగాము. 1675లో గురు తేగ్ బహదూర్ శిరచ్ఛేదం జరిగిన స్థలమిది. పక్కనే ఉన్న సునేహరీ మసీదులో కూర్చునే 1739లో నాదిర్షా నగరవాసుల ఊచకోతను తిలకించాడంటారు. మన కృష్ణాతీరంలోని కొల్లూరు గనుల్లో పుట్టిందని చెప్పుకునే కోహినూరు కూడా అతని వెంట పోయింది. "మనది ఏదైనా ఢిల్లీ దాకా వస్తే తిరిగి రాదు" అన్నారు మాస్టారు. తన దరఖాస్తును దృష్టిలో పెట్టుకునే అన్నారని నా అనుమానం.

పరాఠాల గల్లీలో భోజనం. రొట్టెను పెనం మీద కాల్చరు, కళాయిలో నేతిలో మునిగేట్టు వేయిస్తారు. ముల్లంగి పరాఠా, గుమ్మడికాయ కూర, చింతపండు చట్నీ మాస్టారికి నచ్చాయి. అయినా "కారం ఏదీ?" అని అడగక మానలేదు. కారం ఖారీ బావలీలో దొరికింది. ఆ సుగంధ ద్రవ్యాల బజారులో అడుగుపెట్టగానే ఇద్దరమూ తుమ్మడం మొదలుపెట్టాము. బస్తాలోని మిరపకాయను తుంచి వాసన చూసి, మన ప్రాంతపు సరుకేనని ఆయన తేల్చారు. ధర విని కాసేపు మాట్లాడలేదు. యార్డులో రైతు చేతికి వచ్చేదానికీ ఇక్కడ పలికేదానికీ మధ్య ఎన్ని చేతులున్నాయో లెక్క కట్టుకుంటున్నట్లున్నారు. కినారీ బజారులో మనుమరాలికి జరీ అంచు కొన్నారు, బేరం నేను ఆడాను.

ఇక ఈ వీధి గురించి చెప్పవలసిన అసలు సంగతి. 2021 సెప్టెంబరులో దీనిని కొత్తగా తీర్చిదిద్ది ప్రారంభించారు. ఎర్రకోట నుంచి ఫతేపురి మసీదు దాకా ఎర్రరాతి దారి పరిచారు, పగలు మోటారు వాహనాలను నిషేధించారు. నడిచేవారికి హాయిగానే ఉన్నది, కాదనను. ఈ హాయి సైకిల్ రిక్షాలు లేకుండా సాధ్యం కాదు. విచిత్రమేమిటంటే, 2006లో హైకోర్టు ఉత్తర్వుతో ఇదే వీధి నుంచి ఆ రిక్షాలనే వెళ్లగొట్టారు. ట్రాఫిక్ రద్దీకి మూలం అవేనట! 2010 ఫిబ్రవరిలో అదే హైకోర్టు ఆ నిషేధాన్నీ, నగరంలో రిక్షాల సంఖ్యపై మునిసిపల్ కార్పొరేషన్ విధించిన పరిమితినీ కొట్టివేసింది. 2012లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును నిలబెట్టింది. మధ్యలోని నాలుగేళ్లు ఆ కుటుంబాలు ఏమి తిన్నాయన్నది ఏ దస్త్రంలోనూ ఉండదు.

నగర సుందరీకరణ అన్న మాట వినగానే నాకు ఇక్కడికి కూతవేటు దూరంలోని తుర్క్‌మాన్ గేటు గుర్తుకు వస్తుంది. 1976 ఏప్రిల్‌లో, ఎమర్జెన్సీ చీకటిలో, అక్కడి ఇళ్లను బుల్డోజర్లతో కూల్చారు. అడ్డుపడిన జనంపై పోలీసులు కాల్పులు జరిపారు. నిర్వాసితులను యమున ఆవలికి తరలించారు. పత్రికలకు సెన్సారు ఉన్నందున ఆనాడు దేశానికి ఆ సంగతి సరిగా తెలియనే లేదు. ఎమర్జెన్సీ ముగిశాక షా కమిషన్ విచారణలో బయటపడింది. 2021 నాటి పని అటువంటిదని నేను అనను. అక్కడ బలప్రయోగం జరిగింది, ఇక్కడ జరగలేదు. కానీ ఊరిని అందగా చేయదలచినప్పుడు అందులో బ్రతికేవారిని ముందుగా అడగాలన్న ఆలోచన మన పాలకులకు అప్పుడూ లేదు, ఇప్పుడూ అంతగా లేదు.

సాయంత్రం రిక్షా ఎక్కాము. తొక్కుతున్నది బీహారు యువకుడు. బండి అతనిది కాదు, రోజు అద్దెకు తీసుకున్నది. రాత్రి పడక కూడా ఆ బండి మీదేనట. కోర్టు తీర్పు సంగతి మాస్టారు తనకు వచ్చిన హిందీలో శ్రద్ధగా వివరించారు. అతను తల ఊపి విన్నాడు. "అయితే బాబూజీ, ఇక్కడ నిలబడితే పోలీసు ఎందుకు కొడతాడు?" అని అడిగాడు. మాస్టారు నా వైపు చూశారు. అంతలో ఎక్కడో లాఠీ రాతిపై తట్టిన చప్పుడు వినిపించింది. మేము దిగీ దిగకముందే, ఇచ్చిన డబ్బు లెక్క చూసుకోకుండా అతను బండి పక్క సందులోకి మళ్లించాడు.