సున్నపు బట్టీ పనివారిని కార్మికులుగా గుర్తించండి

కొత్తచెరువు

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
శ్రీ సత్యసాయి జిల్లా, పుట్టపర్తి.
(ద్వారా: తహసీల్దార్, కొత్తచెరువు మండలం)

విషయం: పాత సున్నపు బట్టీ పనివారికి గుర్తింపు, వైద్యం, పింఛను కోరుతూ విన్నపం.

అయ్యా/అమ్మా,

పెనుకొండ గగన్ మహల్ గోడలకైనా, లేపాక్షి గుడి కప్పు మీది 16వ శతాబ్దపు బొమ్మల కింది పూతకైనా సున్నమే ఆధారం. కట్టించినవారి పేర్లు మనకు తెలుసు. సున్నం కాల్చినవారి పేర్లు తెలియవు. ఆ పనిచేసిన చివరి తరం మా ఇళ్లలోనే ఉంది.

బట్టీలో సున్నపురాయి, బొగ్గు వరుసలుగా పేర్చి సుమారు 900 డిగ్రీల వేడిలో కాలుస్తారు. 100 కిలోల మేలైన రాయికి 56 కిలోల సున్నం దిగుతుంది. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా పోతాయి. గాలి చాలక సగం కాలిన బొగ్గు నుంచి వాసనలేని విషవాయువు వస్తుంది. చలికి బట్టీ పక్కన పడుకున్నవారికి నిద్రలోనే ప్రాణగండం.

కాల్చిన రాయి చల్లగా కనిపిస్తుంది. చెమట తగిలితే ఉడుకుతుంది. మా నాన్న గంప ఎత్తుకుంటుండగా చిన్న పలుకు కంట్లో పడింది. దగ్గర్లో బిందెడు నీళ్లు లేవు. అమ్మ కొంగుతో తుడిచింది. తుడిచేకొద్దీ లోపలికి దిగింది. ఆ కన్ను మళ్లీ చూడలేదు. యజమానులు కూలి చేతికిచ్చారు, పని చేసినట్టు చీటీ ఇవ్వలేదు. అసంఘటిత కార్మికుల నమోదు కోసం 2021లో మొదలైన ఇ-శ్రమ్‌లో పేరు రాయిద్దామంటే 59 ఏళ్లు దాటినవారికి చోటు లేదు.

మా కోరికలు:

1. యజమాని చీటీ అడగకుండా, తోటి పనివారి సాక్ష్యం, ఒంటి మీది కాలిన మచ్చల ఆధారంగా గ్రామ సచివాలయాల్లో పేర్లు నమోదు చేయాలి.

2. కళ్లు, ఊపిరితిత్తులు, చర్మం పరీక్షించే వైద్య శిబిరం కొత్తచెరువులోనే పెట్టాలి.

3. చూపు పోయినవారికి ఇక్కడే సదరం (వైకల్య నిర్ధారణ) పరీక్ష జరిపి, అర్హులకు పింఛను మంజూరు చేయాలి.

4. నేటికీ సున్నం పని జరిగేచోట కంటి అద్దాలు, చేతి తొడుగులు, ధారాళంగా నీళ్లు ఉంచాలి. కంట్లో పడితే నలపకుండా, పలుకులు పోయేదాకా నీళ్లతో కడుగుతూ ఆసుపత్రికి చేర్చాలని తెలుగులో బోర్డు పెట్టించాలి.

5. పిల్లలు పడకుండా, వాడకంలో లేని బట్టీ గుంతలను, సున్నపు తొట్లను పూడ్పించాలి.

ఈ కాగితం మీద మా నాన్న ఒంటికంటితో చోటు వెతుక్కొని వేలిముద్ర వేశారు. ఆయన బతికుండగానే ‘సున్నపు బట్టీ కార్మికుడు’ అని ప్రభుత్వం రాసిచ్చిన కాగితం ఆయన చేతిలో పెట్టాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
సున్నపు బట్టీ పనివారి కుటుంబాల తరఫున,
ఒక పనివాని బిడ్డ