అప్పు ఆమె పేరిట, కాగితం ఎవరి చేతిలో?

“ఫలానా ఆయన ఐ.పి. పెట్టాడు” అనే మాట తెలుగు ఊళ్ళలో వినని వారుండరు. ఐ.పి. అంటే ఇన్‌సాల్వెన్సీ పిటిషన్, దివాలా దరఖాస్తు. ఆ మాటలో ఉండేది దాదాపు ఎప్పుడూ మగవాడే: చిట్టీలు నడిపినవాడో, పత్తి వ్యాపారో, ఫైనాన్సు యజమానో. “ఆమె ఐ.పి. పెట్టింది” అనడం అరుదు. స్త్రీలకు అప్పులు లేక కాదు. 1990లలో విస్తరించిన డ్వాక్రా సంఘాల నుంచి బ్యాంకు లింకేజీ దాకా, అక్కడి నుంచి మైక్రోఫైనాన్సు దాకా, పేదింట్లోకి అప్పు ఎక్కువగా స్త్రీ సంతకం మీదే వస్తోంది. సంతకం ఆమెది, వారం వారం కిస్తీ కట్టే భారం ఆమెది. ఇక తీర్చలేనన్న స్థితి వచ్చినప్పుడు చట్టం తలుపు తట్టవచ్చునని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పరు. చెప్పినా, అందుకు కావలసిన కాగితాలు ఆమె దగ్గర ఉండవు. ఈసారి ఆ కాగితాల గురించే రాయదలచుకున్నాను.

మన రెండు రాష్ట్రాల్లో సామాన్య వ్యక్తుల దివాలాకు నేటికీ ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. 2016లో కొత్త దివాలా స్మృతి వచ్చింది. కానీ అందులో వ్యక్తులకు సంబంధించిన భాగాన్ని 2019 డిసెంబర్‌లో కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారి వరకే అమల్లోకి తెచ్చారు. పాత చట్టం ప్రకారం 500 రూపాయల అప్పున్నా, తీర్చలేని వ్యక్తి కోర్టుకు వెళ్ళవచ్చు. అయితే 13వ సెక్షన్ ఏమేమి అడుగుతుందో చూడండి. ఎవరెవరికి ఎంత బాకీ, వారి పేర్లు, చిరునామాలు; తన ఆస్తి ఏమిటి, విలువెంత, ఎక్కడుంది. దరఖాస్తు స్వీకరించాక లెక్కల పుస్తకాలన్నీ చూపాలంటుంది 22వ సెక్షన్. వ్యాపారానికి తగిన లెక్కలు గత మూడేళ్ళుగా రాయనివారికి పూర్తి విముక్తి ఇవ్వవద్దంటుంది 42వ సెక్షన్. ఈ చట్టం ఊహించుకున్న రుణగ్రస్తుడికి దుకాణం ఉంది, గుమాస్తా ఉన్నాడు, చిట్టా ఆవర్జాలు ఉన్నాయి.

మరి మన స్త్రీ సంగతి? అప్పుల గురించి పల్లెల్లోనూ బస్తీల్లోనూ స్త్రీలతో మాట్లాడుతూ వచ్చిన ఇన్నేళ్ళలో నేను గమనించింది ఇది. ఏ వారం ఎవరికెంత కట్టిందీ, ఏ గొలుసు ఏ కొట్లో తాకట్టులో ఉందీ ఆమె తడుముకోకుండా చెబుతుంది. ఆమెకు లెక్క తెలుసు. ఆ లెక్కకు సాక్ష్యమైన కాగితమే ఆమె దగ్గర ఉండదు. లోన్ కార్డు సంఘం లీడర్ ఇంట్లో, ప్రామిసరీ నోటు వడ్డీ వ్యాపారి బీరువాలో, తాకట్టు రసీదు భర్త జేబులో, కంపెనీ మెసేజీలు కొడుకు ఫోనులో ఉంటాయి. దీన్ని ఆడవాళ్ళ అజాగ్రత్త అనడం సులువు. నిజానికి ఇది అధికారానికి సంబంధించిన విషయం. కాగితం ఎవరి దగ్గరుంటే బాకీ ఎంతో చెప్పే హక్కు వారిదవుతోంది.

భర్త వ్యాపారం మునిగినప్పుడూ ఇంతే. ఐ.పి. పెట్టబోయే ముందు ఇల్లు భార్య పేరిట రాయడం అందరికీ తెలిసిన ఎత్తే. ప్రతిఫలం లేకుండా, దరఖాస్తుకు ముందు రెండేళ్ళలోపు జరిగిన అలాంటి బదిలీని 53వ సెక్షన్ కింద కోర్టు రద్దు చేయవచ్చు. అప్పుడు కోర్టు మెట్లెక్కేది, చూపించిన చోట సంతకం పెట్టిన భార్య. మరోపక్క, నిజంగా ఆమెదైన స్త్రీధనం భర్త అప్పులకు పోవలసినది కాదు. కానీ కొన్న రసీదో, పెళ్ళినాటి జాబితానో, ఫోటోనో లేకపోతే అది తనదని ఎలా నిరూపించుకుంటుంది?

అందుకే కోర్టు మాట రాకముందే ఒక నోటు పుస్తకంతో మొదలుపెట్టాలి. అప్పుకొక పేజీ. ఎవరిచ్చారు, ఏ తేదీన, కోతలు పోగా చేతికొచ్చింది ఎంత, వడ్డీ ఎంత, ఇప్పటిదాకా కట్టింది ఎంత. చివరగా, ఆ డబ్బు ఎవరి అవసరానికి ఖర్చయింది. ఈ చివరి ప్రశ్న చట్టం అడగదు, మనం అడగాలి. పుట్టింటి నుంచి తెచ్చిన చేబదులును సిగ్గుపడి వదిలేయకూడదు, అదీ బాకీయే. ప్రైవేటు బాకీకి కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోవాలి. నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే మూడేళ్ళ గడువు మళ్ళీ మొదలవుతుందని తెలిసి పెట్టాలి. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకం అసలే వద్దు.

2022 ఏప్రిల్ నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, మైక్రోఫైనాన్సు అప్పుకు లోన్ కార్డు ఆమెకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, కట్టిన ప్రతి కిస్తీ అందులో రాయాలి. ఆ కార్డు ఆమె ఇంట్లో ఉండాలి. క్రెడిట్ బ్యూరో నివేదికను ఏడాదికోసారి ఉచితంగా పొందవచ్చు. తన పేరు మీద తనకు తెలియని అప్పు ఉంటే అందులో బయటపడవచ్చు. దరఖాస్తు ఆలోచన ఉన్నవారు ఆస్తి దాచకూడదు, అందరినీ వదిలి ఒకరికే కట్టకూడదు. దాచినట్టు తేలితే ఏడాది దాకా జైలు శిక్ష పడవచ్చు.

బెదిరింపులకు జవాబు కూడా చట్టంలో ఉంది. డబ్బు డిక్రీ అమలు కోసం స్త్రీని అరెస్టు చేయరాదని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ చెబుతోంది. వంటపాత్రలు, కట్టుబట్టలు, పడకలు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని నగలు జప్తు చేయరాదంటుంది 60వ సెక్షన్. చెక్కు బౌన్సు కేసు మాత్రం క్రిమినల్ కేసు, దానికి ఈ రక్షణ లేదు. భర్త దివాలా తీసి విముక్తి పొందినా, కోర్టు ఆదేశించిన మనోవర్తి బాధ్యత నుంచి తప్పించుకోలేడు.

ఐ.పి. స్త్రీలకు విముక్తి మార్గమని నేను అనడం లేదు. ఆమె జాబితాలో అప్పిచ్చినవారిగా ఇళ్ళలో పనిచేసే మరో స్త్రీ, చిట్టీ కట్టిన పక్కింటి వితంతువు ఉండవచ్చు. వారి నష్టాన్ని మనం కాదనలేం. కానీ లెక్క రాతలో ఉంటేనే ఎవరికి ముందు న్యాయం జరగాలో మాట్లాడుకోగలం. ఆ పుస్తకం కోర్టుకు వెళ్ళకపోయినా, రాజీకి కూర్చున్నప్పుడూ, రికవరీ ఏజెంటు మీద ఫిర్యాదు ఇచ్చినప్పుడూ పనికొస్తుంది.

2016 స్మృతిలో చిన్న రుణగ్రస్తుల కోసం ఒక ప్రత్యేక పద్ధతి రాశారు. ఏడాది ఆదాయం 60,000, ఆస్తి 20,000, అప్పు 35,000 రూపాయలు మించని, సొంత ఇల్లు లేనివారికి అప్పు మాఫీ అయ్యే దారి అది. అది కాగితం మీదే ఉండిపోయింది. ఈ పరిమితులు పెంచి దాన్ని అమలు చేయమని మనం అడగాలి. అప్పటిదాకా సంఘాలు తమ సమావేశంలో ఒక గంట ఈ పుస్తకానికి కేటాయించాలి. చదువు రానివారికి చదివినవారు రాసిపెట్టాలి. రాసిన పుస్తకం మాత్రం ఆమె చేతికే ఇవ్వాలి.