ఒక భాష, పలువురు దుబాసీలు

కంప్యూటరు భాషలను నేర్చుకొను బాలబాలికలకు మొట్టమొదట చెప్పబడు గొప్పలలో నొకటి, "ఒకమారు వ్రాసిన చాలును, ఎచ్చటనైనను నడచును" అనునది. సన్ మైక్రోసిస్టమ్స్ కంపెనీవారు 1995వ సంవత్సరమున జావా భాషను లోకమునకు వెల్లడించినప్పుడు ఈ వాగ్దానముతోనే దానిని ప్రచారము చేసిరి. వాగ్దానము మంచిదే. కాని దానిని నిలువబెట్టు భారము ఎవరిదని అడుగు విద్యార్థులు అరుదుగా నున్నారు. అడుగవలసిన ప్రశ్న అదియేయని నా తలంపు.

ఒక్కొక్క జాతి యంత్రమునకు దానిదే యగు ఆజ్ఞాభాష యుండును. ఒకదానికొరకు సిద్ధపరచిన ప్రోగ్రాము వేరొకదానికి తెలియదు. జేమ్స్ గోస్లింగు మొదలగువారు ఈ చిక్కును తప్పించుటకై నడుమ నొక మెట్టు నేర్పరచిరి. మనము వ్రాసిన ప్రోగ్రాము తిన్నగా యంత్రభాషలోనికి మారక, బైట్‌కోడు అను మధ్యభాషలోనికి మారును. దానిని చదివి ఆయా యంత్రమునకు తెలియజెప్పుటకు వర్చువల్ మెషీను అను నొక దుబాసి అచ్చట సిద్ధముగా నుండును. పూర్వము కుంఫిణీ దొరలకును మన వర్తకులకును నడుమ దుబాసీలు మెలగలేదా? ఇదియు నట్టిదే. దుబాసి నమ్మకస్థుడైనంతవరకు బేరము సాగును. వాడు కొన్ని మాటలను మ్రింగివేసి, కొన్నింటిని తనవి చేర్చినచో నేమగును?

ఈ యాశ జావాతో పుట్టినది కాదు. 1959వ సంవత్సరమున అమెరికాలో ఏర్పడిన యొక సంఘము కోబాలు భాషను రూపొందింప మొదలిడెను. 1960 డిసెంబరులో ఇంచుమించుగ నొకే కోబాలు ప్రోగ్రామును ఆర్.సీ.ఏ. వారి యంత్రముమీదను, రెమింగ్టన్ రాండ్ వారి యూనివాక్ యంత్రముమీదను నడపి చూపిరి. పోటీపడు రెండు కంపెనీల యంత్రములు ఒకే వ్రాతను గ్రహించుట ఆనాడొక వింత.

జావా కథ ఇంత సుముఖముగ సాగలేదు. 1996వ సంవత్సరమున మైక్రోసాఫ్టు కంపెనీ సన్ వారియొద్ద అనుమతి పొంది, తన విండోసు యంత్రములకు తానే యొక దుబాసిని తయారుచేసెను. ఆ దుబాసి చురుకైనవాడు. జావా ప్రోగ్రాములను మిక్కిలి వేగముగ నడపెడివాడు. అయితే ప్రోగ్రాములు వ్రాయువారికి ఆ కంపెనీ యిచ్చిన పనిముట్లలో జావాలో లేని క్రొత్త మాటలు చేర్పబడెను. 'డెలిగేట్' అనునది అందులో నొకటి. సన్ వారు ఏర్పరచిన కొన్ని భాగములు మాత్రము విడిచిపెట్టబడెను. క్రొత్త మాటను వాడి వ్రాసిన ప్రోగ్రాము విండోసుమీద చక్కగా నడచును. తక్కిన యంత్రములమీద నడువదు. 1997 అక్టోబరులో సన్ వారు కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. అది 2001 జనవరిలో రాజీతో ముగిసెను; మైక్రోసాఫ్టు రెండుకోట్ల డాలర్లు చెల్లించెను.

ఈలోగా అమెరికా ప్రభుత్వము మైక్రోసాఫ్టుపై నడపిన గుత్తాధిపత్యపు వ్యాజ్యమునందును జావా ప్రసక్తి వచ్చెను. 2001 జూనులో అప్పీలు న్యాయస్థానము చెప్పిన తీర్పు మన ఉపాధ్యాయులు తరగతిలో వివరింపదగినది. తక్కినవారి దానితో పొసగని వర్చువల్ మెషీనును నిర్మించుట మాత్రముచేత నేరము కాదనిరి. అది వేగముగ నడచుట వాడువారికి లాభమేగదా! అయితే ఆ పనిముట్లతో వ్రాసినది విండోసుకే కట్టుబడిపోవునను సంగతిని ప్రోగ్రాములు వ్రాయువారికి తెలియనీయక మోసపుచ్చుట తప్పనిరి. ఈ భేదము నాకు మిక్కిలి న్యాయముగ తోచుచున్నది. బాబెలునొద్ద భాష తారుమారైనప్పుడు ఇటుక నందించువానికిని పేర్చువానికిని ఆ క్షణముననే తెలిసినది. ఇచ్చట నట్లు కాదు. వ్రాసినవాడు సంవత్సరములకొలది సుఖముగ నుండి, యంత్రమును మార్చవలసిన దినమున తాను బందీయని యెరుగును.

గుంతకల్లు స్టేషనును ఎరిగిన పెద్దలకు ఇది బోధపడును. అచ్చట నొకప్పుడు బ్రాడ్‌గేజి, మీటరుగేజి పట్టాలు రెండును కలిసెడివి. ఒక బండిలోని సరుకును దింపి రెండవ బండి కెక్కింపనిదే ముందుకు సాగదు. కాని ఆ పట్టాల వెడల్పు కంటికి కనబడెడిది.

అంతమాత్రమున సన్ వారిని ధర్మరాజులని పొగడజాలను. భాష అందరిదని చెప్పుచునే దాని తాళపుచెవిని వారు తమ మొలనే కట్టుకొనిరి. జావాను ప్రమాణసంస్థయగు ఎక్మాకు అప్పగించు ప్రయత్నమునుండి 1999 డిసెంబరులో వెనుకకు తగ్గిరి. చిత్రమేమనగా, మైక్రోసాఫ్టు తరువాత కల్పించిన సీ షార్ప్ భాషకు 2001 డిసెంబరులో అదే సంస్థ ప్రమాణముద్ర వేసెను! సన్ వారు జావా మూలమును ఎల్లరు చదువుటకును మార్చుటకును వీలగునట్లు విడుదల చేయ నారంభించినది 2006 నవంబరులో మాత్రమే. 2010లో ఆ కంపెనీ ఆరకిల్ వారి చేతికి పోయెను. ఆ యేడే ఆరకిల్ వారు ఆండ్రాయిడు విషయమై గూగులుపై వ్యాజ్యము వేయగా, 2021 ఏప్రిలులో అమెరికా సుప్రీముకోర్టు గూగులు పక్షమున తీర్పు చెప్పువరకు అది తెగలేదు. యజమాని యొక్కడే యైన భాషకు ఇట్టి బాధలు తప్పవు.

ఇది దూరదేశపు తగవులే యని తలంపరాదు. తెలుగు అక్షరములకు యూనికోడు పట్టికలో 1991లోనే చోటు దొరకినను, మన ముద్రణాలయములలో ఫాంట్లు అమ్ము కంపెనీలు చాలకాలము తమ తమ సొంత సంకేతములనే వాడుచు వచ్చెను. ఒకరి ఫాంటుతో కూర్చిన వ్యాసమును అది లేని యంత్రమున తెరచినచో, తెలుగునకు మారుగా ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కలగాపులగముగ కనబడును. అట్లు చిక్కుపడిన పుస్తకములెన్నియో తిరిగి కూర్పవలసి వచ్చినది.

కంపెనీలు క్రొత్తవి కల్పింపరాదని నేననను. కల్పనలు లేనిదే భాష పెరుగదు. క్రొత్తమాట తమ యంత్రమునకే చెల్లునని అమ్మువారు ముందుగా చెప్పవలెను. భాషలోనిదేదో కానిదేదో తేల్చు పరీక్ష యే కంపెనీ చేతిలోను గాక బహిరంగముగ నుండవలెను. అంతవరకు ఆ పరీక్షను మన తరగతిలోనే జరుపవచ్చును. విద్యార్థి వ్రాసిన ప్రోగ్రామును విండోసు యంత్రముపై నడపిన పిమ్మట లినక్సు యంత్రముపైనను నడపింపవలెను. అచ్చట నాగినయెడల, ఆగిన పంక్తి భాషకు చెందినదో కంపెనీకి చెందినదో వ్రాసి చూపుమని యడుగవలెను. మార్కులలో కొన్నింటిని దీనికి కేటాయింపవలసినదని మన ఉపాధ్యాయులకు నా విన్నపము.